భయం లేదని రాసిచ్చిన చీటీ

భయం మనిషి మెడ వెనక, పుర్రె మొదట్లో, బొటనవేలంత చోట దాక్కుని ఉంటుందని నేను సుమారు పదేళ్ళు గట్టిగా నమ్మాను. నమ్మడమే కాదు, జీతం తీసుకుని మరీ నమ్మాను. ఇప్పుడు ఫిజియోథెరపీ చదివి, తెల్లకోటు తొడుక్కుని, వేళ్ళు విరుచుకుంటూ ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు నన్ను సభలకు పిలిచి, "సార్, మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అంటారు. శాలువా కప్పించుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి, ఉప్మా తిని వచ్చేస్తాను. శాలువా కప్పినవాళ్ళ ముందు మన తప్పులు చెప్పుకోవడం మర్యాద కాదు కదా. ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, పైగా ఉప్మా కూడా లేదు, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

తొంభైలలో నేను బెంగళూరులో ఒక మామూలు ఆస్పత్రిలో, దాని నేలమాళిగలో పనిచేసేవాణ్ణి. ఆస్పత్రులవాళ్ళు మా విభాగాన్ని నేలమాళిగలోనే ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నడవలేనివాళ్ళు అన్ని మెట్లు దిగి రాగలిగితే సగం రోగం నయమైనట్టేనని కాబోలు. మోకాళ్ళు, నడుములు, పక్షవాతం వచ్చిన చేతులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "వంచండి, చాపండి" తప్ప నా నోట వేరే మాట ఉండేది కాదు. ఏ రోగీ నన్ను చూసి చేతులెత్తి మొక్కలేదు. "ఇంకా ఎన్నాళ్ళు సార్?" అని మాత్రం అందరూ అడిగేవాళ్ళు.

ఆ దిగులులో ఉండగా ఒక పెద్ద హోటల్లో నాలుగు రోజుల శిక్షణ పెట్టారు. మందు లేదు, యంత్రం లేదు, ఉత్త చేతులతో ఆందోళన తగ్గించే విద్య. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. తల కింద రెండు చేతులూ పెట్టి, పుర్రె మొదట్లో వేళ్ళకొనలు ఆనించి, అతను తల బరువంతా మన వేళ్ళ మీదికి వదిలేసేదాకా కదలకుండా కూర్చోవాలి. తర్వాత పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి, ఊపిరిని నిదానం చేయించాలి. అంతే. చేయించుకుంటే హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. నా మీద చేసి చూపించినప్పుడు నేను గురక పెట్టానని పక్కవాళ్ళు చెప్పారు. నాలుగో రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని లామినేషన్ చేయించి గోడకు కొట్టాను. మా పెళ్ళి ఫోటోకు కూడా ఇంట్లో అంత మర్యాద దక్కలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊరి తూర్పు అంచున హూడి వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వరసగా లేచాయి. నేను అప్పటికి ఆస్పత్రి వదిలేసి, నాకన్నా పదేళ్ళు పెద్దావిడ నడుపుతున్న ఒక క్లినిక్‌లో చేరాను. ఆమెను అందరం మేడమ్ అనే పిలిచేవాళ్ళం. ఇంటి మాట కన్నడ అయినా తెలుగు మాట్లాడేవారు. చిన్నప్పుడు పక్కింటివాళ్ళతో పోట్లాడి నేర్చుకున్నారట, అందుకే ఆ తెలుగులో పోట్లాట తప్ప వేరేది ఉండేది కాదు. హూడిలోని ఒక ఆఫీసు మా క్లినిక్‌తో ఒప్పందం చేసుకుంది. వారానికి రెండు మధ్యాహ్నాలు నేను వెళ్ళి వాళ్ళ ఉద్యోగుల ఆందోళన తీసి రావాలి. అందుకని నగర్తపేటలో ఇనుప మంచాలు చేసే షాపులో ఒక మడత బల్ల చేయించాను. మొదటి వారమే అది ఒక సీనియర్ ఉద్యోగితో సహా మడుచుకుపోయింది. ఆయన ఆందోళన ఆ రోజు కాస్త పెరిగింది.

అదొక్కటి తప్ప, నా పేరు మారుమోగిపోయింది. చల్లటి ఏసీ గది, సన్నగా వేణువు క్యాసెట్టు. వచ్చినవాళ్ళు తల నా చేతుల్లో పెట్టి పది నిమిషాల్లో నిద్రపోయేవాళ్ళు, లేకపోతే ఏడ్చేవాళ్ళు. ఒక మేనేజరు అట్లాగే భోరుమని ఏడ్చి, లేచి ముఖం కడుక్కుని, పక్క గదిలోకి పోయి తన కింద పనిచేసే ఇంకొకణ్ణి ఏడిపించి వచ్చాడు. ఆ రెండోవాడు మరుసటి వారం నా దగ్గరికే వచ్చాడు. ఇంతకన్నా నిలకడైన వృత్తి ఎక్కడైనా ఉంటుందా చెప్పండి. వాళ్ళు దేనికి భయపడుతున్నారని నేను ఒక్కరినీ అడిగినట్టు గుర్తులేదు. అడగాల్సిన అవసరం ఏముంది, భయం ఎక్కడుంటుందో నాకు తెలుసు కదా.

ఒక్కటి మాత్రం అడిగేవాణ్ణి. "పదికి ఎంత? పది అంటే ప్రాణం పోతున్నంత భయం, సున్నా అంటే అసలు లేదు." వాళ్ళు ఒక అంకె చెబితే దానికి గళ్ళ కాగితం మీద చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి గీత గీసేవాణ్ణి. ఆ గీత కిందికి దిగుతుంటే ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది.

ఆఫీసు పక్కనే వాళ్ళదే రెండో భవనం కడుతున్నారు. ఒక మధ్యాహ్నం నేను పని ముగించి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆ కట్టుబడి మేస్త్రీ కాచుకుని ఉన్నాడు.

"సార్, మావాడు ఒకనికి మెడ పట్టేసిండాది. మెడంటే మెడ కాదు, భయం. మా ఇంజనీరు సారు చెప్పినాడు, మీరు భయాన్ని చేత్తోనే తీసేస్తారంట గదా?"

"ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?" అన్నాను, డాక్టరు గొంతుతో.

"మా సైట్లోనే ఎదురుకాళ్ళతో పుట్టినాయన ఒకడుండాడు సార్. ఎవరికి నడుము పట్టినా ఆయన కాలితో తంతే పోతాది. వీనికి మూడు ఆదివారాలు వరసగా తన్నిచ్చినాం. వీపు వాసింది గానీ భయం పోలేదు."

అంటే ఆయన తర్వాత నిపుణుల వరసలో నేనన్నమాట. గౌరవంగా ఒప్పుకున్నాను. ఉచితంగా చేస్తానని కూడా అన్నాను. అట్లా అన్నందుకు ఇంటికి పోయేదారి పొడుగునా నాకు నేనే దండం పెట్టుకున్నాను.

రోగి కదిరి పక్క పల్లెటూరివాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సెంట్రింగ్ పని, అంటే స్లాబు వేసే ముందు కింద కర్రలూ పలకలూ బిగించే పని. నెల కిందట మూడో అంతస్తు బయట పరంజా మీద నిలబడి ఉండగా కాలి కింద పలక ఒరిగిపోయింది. ఒంటిచేత్తో కర్ర పట్టుకుని వేలాడాడట. తోటివాళ్ళు వచ్చి పైకి లాగేదాకా అట్లాగే ఉన్నాడు. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ ఆనాటినుంచి నిచ్చెన నాలుగో మెట్టు దాటితే గుండె దడదడమంటుంది, అరచేతులు తడిసిపోతాయి, మెడ కొయ్యబారిపోతుంది. అందుకని నేల మీదే ఉండి, ఇసుక మోసే తన భార్యతో పాటు తనూ ఇసుక మోస్తున్నాడు. తోటివాళ్ళు "చీర గూడా కట్టుకో అన్నా" అని ఎగతాళి చేస్తున్నారు.

మేస్త్రీ అతని ముందే నాతో చెప్పాడు. "ఆరో అంతస్తు స్లాబు వానలకు ముందే పడాల సార్. వీడు ఎక్కకపోతే ఊర్నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా. వాడు జోడీతో వస్తాడు. అప్పుడు వీడూ వీని పెండ్లామూ మూట గట్టుకోవల్సిందే, ఉండే షెడ్డు గూడా వాళ్ళకే ఇయ్యాల." అతను తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. పక్కనే ఉన్న భార్య మేస్త్రీ వైపు చూడను కూడా చూడలేదు.

కూలీలను ఆఫీసు గేటు లోపలికి రానివ్వరు. కాబట్టి వైద్యం సిమెంటు షెడ్డులో జరిగింది. సిమెంటు బస్తాల మీద సెంట్రింగ్ పలక వేసి, దాని మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టాను. అది నా నగర్తపేట బల్లకన్నా గట్టిగా ఉంది. భార్య తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, తన మొగుడి తలను ఇంకో మగాడు ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని కళ్ళు మూసుకోవడం కాసేపు చూసింది.

"సార్, ఇట్ల పట్టుకుంటే భయం యాడికి పోతాది?"

"నరాల్లోంచి విడుదల అయిపోతుందమ్మా."

"విడుదలై యాడికి పోతాది?"

"బయటికి."

"బయట మేమే గదా సార్ ఉండేది," అంది.

చదువుకోనివాళ్ళకు ఇవన్నీ ఎట్లా వివరిస్తామని ఒక జాలి నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అతను మాత్రం బుద్ధిమంతుడైన రోగి. పదికి ఎంత అంటే కాసేపు ఆలోచించి, "పదంటే ప్రాణం పోయేది గదా సార్, ఇంగా పోలేదు. ఎనిమిదేసుకోండి" అన్నాడు. వేసుకున్నాను. వారానికి రెండు రోజుల చొప్పున నాలుగు వారాలు చేశాను. రెండోసారి ఏడు అన్నాడు. మూడోసారి ఆరు. నాలుగోసారి అయిదు. మెడ నిజంగానే మెత్తబడుతోంది, ఊపిరి నిజంగానే నిదానమవుతోంది, అది నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. ఒకసారి అతనూ గురక పెట్టాడు. గురక అంటే మా వాళ్ళకు పతకం కిందే లెక్క.

గీత తీసుకుపోయి మేడమ్ బల్ల మీద పరిచాను. ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని చూశారు.

"ఏమప్పా, ఇది రోగి గీతా, స్కేలు పెట్టి నువ్వే గీసినావా?"

"నిజం మేడమ్. ప్రతిసారీ ఒకటి తగ్గుతోంది."

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, మనుషులెవరూ ఇట్లా మెట్లు దిగినట్టు దిగరు. ఒకరోజు తగ్గుతాది, ఇంట్లో జగళ, అదే పోట్లాట, అయితే మళ్ళీ ఎగురుతాది. వీనికి ఇంట్లో జగళే లేదా?"

"వైద్యం బాగా కుదిరింది మేడమ్."

"సరే. వాని మెడ చూసినావు. వాడు ఎక్కే చోటు చూసినావా?"

"నేను మనిషికి వైద్యం చేస్తాను మేడమ్, బిల్డింగుకు కాదు," అన్నాను. అప్పటికప్పుడు తట్టిన జవాబు, ఎంత బాగుందో అనుకున్నాను. మేడమ్ కాగితం నా వైపు తోసేసి, "సుమ్నే పో" అని ఇంకో ఫైలు తీసుకున్నారు. ఊరికే వాగక పొమ్మని దానర్థం.

ఎనిమిదోసారి అతను ఒకటి అన్నాడు. నేను లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాను. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. "సార్, నయమైందని మీ కాగితం మీద ఒక ముక్క రాసియ్యండి. నోటి మాటయితే వీడు రేపు మల్ల పేచీ పెడతాడు" అన్నాడు. క్లినిక్ పేరున్న కాగితం సంచిలో ఎప్పుడూ ఉండేది. అడిగిందే తడవుగా రాసేశాను. ఫలానా వ్యక్తికి ఎత్తుకు సంబంధించిన భయం పూర్తిగా తొలగిపోయినది, ఎత్తున పని చేయుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు. కింద సంతకం, ముద్ర. ముద్ర సరిగ్గా పడలేదని రెండోసారి కూడా వేశాను. అతను ఆ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే నాకు ఈ కథ తెలిసేదే కాదు. నన్ను ఆగనివ్వనిది ఫోటో. ఫిజియోథెరపీవాళ్ళ సదస్సు ఒకటి రాబోతోంది. అందులో ఈ గీత చూపించాలని, గీత పక్కన ఆ మనిషి ఆరో అంతస్తు ఎత్తున ఆకాశం ముందు నవ్వుతూ నిలబడిన ఫోటో ఒకటి పెట్టాలని నా కోరిక. కాబట్టి ఆ తర్వాతి వారం పొద్దున్నే క్లినిక్ కెమెరా మెడలో వేసుకుని సైటుకు పోయాను. ఇంజనీరు నాకొక హెల్మెట్ ఇచ్చాడు. సైటు మొత్తానికి అదొక్కటే ఉన్నట్టుంది, అతిథుల కోసం దాచి ఉంచారు.

లోపలి మెట్ల మీదుగా అయిదో అంతస్తుకు చేరాను. అక్కడ కిటికీ కోసం వదిలిన ఖాళీలోంచి బయటికి అడుగు పెడితే పరంజా. ఇక్కడివాళ్ళు సార్వె అంటారు. హొసకోటె వైపునుంచి లారీల్లో వచ్చే నీలగిరి కర్రలు నిలువునా అడ్డంగా కట్టి, వాటి మీద రెండేసి పలకలు పరుస్తారు. అతను అయిదారు గజాల అవతల పైన పలక బిగిస్తున్నాడు. ఫోటోకు ఆకాశం సరిగ్గా పడాలంటే నేను ఇంకో రెండు అడుగులు బయటికి పోవాలి. పోయాను.

పలక నా బరువుకు కిందికి వంగి కిర్రుమంది. పట్టుకోవడానికి పక్కనున్న కర్ర మీద చెయ్యి వేశాను. సరిగ్గా నా కళ్ళ ముందు ఆ కర్రకు కట్టిన కొబ్బరి తాడు ఉంది. నానీ ఎండీ నల్లబడి, పీచు పీచుగా విడిపోయి, మూడు పోగుల మీద నిలబడి ఉంది. నా చూపు దాని మీదినుంచి జారి కిందికి పోయింది. కింద ఇసుక కుప్ప, దాని పక్కన బొమ్మల్లాగా ఆడవాళ్ళు.

ఇక నేను కదల్లేదు. కదల్లేకపోయాను. గుండె గొంతులో కొట్టుకుంటోంది, అరచేతులు తడిసి కర్ర జారుతోంది, సర్టిఫికెట్ ఉన్న నా మెడ ఇటూ తిరగదు అటూ తిరగదు. "అమ్మా" అన్నాను కాబోలు. అతను పని ఆపి, పలక మీద మెల్లగా, ప్రతి అడుగూ చూసి వేస్తూ నా దగ్గరికి వచ్చాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చెయ్యి నా మెడ వెనక, పుర్రె మొదట్లో పెట్టాడు. నేను అతనికి పెట్టిన చోటే, అంగుళం తేడా లేకుండా. సిమెంటుతో గట్టిపడిన వేళ్ళు.

"వదిలెయ్యండి సార్. తల బరువంతా నా చేతిలో వదిలెయ్యండి. నేను పట్టుకోనుండా," అన్నాడు. అన్నీ నా మాటలే.

హాయిగానే ఉంది. అయినా గుండె దడ ఆగడం లేదు.

"తగ్గట్లేదప్పా," అన్నాను, ఏడుపు గొంతుతో.

"తగ్గదు సార్. నాకూ తగ్గలేదు."

"మరి ఒకటి అన్నావే!"

"మీరు అడిగేటప్పుడల్లా మీ ముఖం చూసేవాణ్ణి సార్. అంకె తగ్గితే ముఖం ఎలిగిపోతాది. ఎక్కువ చెప్పితే పాపం చిన్నబోతారని అనిపిచ్చేది. ఊరికే చేస్తాండారు, నాకోసం సిమెంటు దుమ్ములో కూకుంటాండారు. అందుకే తూరికొకటి తగ్గించుకుంటా వచ్చినా. ఒకటికన్నా తగ్గిస్తే మీరు నమ్మరేమోనని ఆడ నిలిపేసినా."

మెడ తిరగక, అతని ముఖం చూడలేక, ఆ తాడు వైపే చూస్తూ అడిగాను. "మరి భయం పోకుండా ఎట్లా ఎక్కావు? ఎందుకు ఎక్కావు?"

"మీరు చీటీ రాసిచ్చినారు గదా సార్," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "అప్పుడయితే భయమని చెప్పుకోని కింద ఉండేవాణ్ణి. మేస్త్రీ తిట్టినా మెడబట్టి ఎక్కించలేకపోయినాడు. ఇప్పుడు భయం లేదని డాక్టరే రాసిచ్చినాడు గదా, ఇంగ నేనేం చెప్పుకోవాల?"

నన్ను అడుగడుగూ పట్టుకుని కిటికీలోంచి లోపలికి దించాడు. నేల మీద చతికిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెబుతానన్నాను కాబట్టి చెబుతున్నాను, నాకు మొదట తోచింది ఆ తాళ్ళ గురించి కాదు, సదస్సులో ఇప్పుడు ఏం చూపించాలి అని. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చినది మాత్రం నిండుగా వచ్చింది.

కిందికి దిగి మేస్త్రీ దగ్గరికి పోయి నా చీటీ నాకిచ్చేయమన్నాను. "ఏ చీటీ సార్? ఒరిజినలా, జెరాక్సా?" అన్నాడు. ఆ ఎనిమిది సార్ల వైద్యం చూసిన పుణ్యానికి, ఇంకో ఇద్దరికి, పలక వంగుతోందని గొణిగినవాళ్ళకు, నా చీటీ జెరాక్సు చూపించి ఎక్కించాడట. "డాక్టరు సారు మన సైటు మొత్తానికి భయం తీసేసినాడు, ఎక్కండ్రా" అన్నాడట. నా చేతుల మహిమ మనిషిని ముట్టుకోకుండానే పనిచేసే దశకు చేరిందన్నమాట.

"అతనికి నయం కాలేదు. నేను తప్పు రాశాను," అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "మొన్న లేని భయం ఈపొద్దు యాడ్నుంచి వచ్చింది సార్? మీ చేతుల్లో కరెంటు పోయిందా?"

కూలీలు చుట్టూ చేరారు. ఇసుక తట్టలు దించి ఆడవాళ్ళూ వచ్చారు. ఇంజనీరు ఏమిటేమిటంటూ వచ్చాడు. ఇంతమంది ముందు "నా వైద్యం పనిచేయలేదు" అని ఒకే ఒక్క మాట అనాలి. పదేళ్ళుగా గోడకు కొట్టిన కాగితం ఒక పక్క, ఆ మూడు పోగుల తాడు ఇంకో పక్క. పరంజా మీద కూడా అంత భయం వేయలేదు. అతను జనం వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. ఏ అంకె చెబితే నేను తేలికపడతానా అని చూస్తున్నట్టనిపించింది.

"నా వైద్యం పనిచేయలేదు," అన్నాను. "ఇతనికి భయం ఉంది. నేను ఇప్పుడే పైకి పోయి వచ్చాను, నాకూ ఉంది. ఆ తాళ్ళు చూసినవాడికి ఎవడికైనా ఉంటుంది. లేకపోతే వాడికి వైద్యం చేయాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "ఇదంతా రాతపూర్వకంగా ఇస్తారా ఏంటి?" అన్నాడు. ఇవ్వననుకుని బెదిరింపుగా అడిగాడు. సంచిలో కాగితాలు ఎప్పుడూ ఉంటాయని చెప్పాను కదా. అక్కడే సిమెంటు బస్తా మీద పెట్టి రాశాను. ఇంతకుముందు ఇచ్చిన చీటీ తప్పు. ఈ వ్యక్తి భయానికి తగిన కారణం ఉంది. పరంజా తాళ్ళు కుళ్ళినవి, పలకలు వంగుతున్నవి, నేను కళ్ళారా చూశాను. అవి మార్చేవరకు ఇతనుగానీ ఇంకెవరుగానీ ఎక్కరాదని నా సలహా. ఈసారి ముద్ర ఒక్కసారికే చక్కగా పడింది. ఒక ప్రతి ఆయనకిచ్చి, ఇంకొకటి ఆ స్థలం ఎవరిదో ఆ ఆఫీసువాళ్ళకే ఇస్తానన్నాను.

అప్పటిదాకా తాళ్ళ కింద రోజుకు పదిసార్లు నడిచినా ఏమీ కాని ఇంజనీరుకు, కాగితం చూడగానే చెమటలు పోశాయి. మెడ తడుముకున్నాడు. కావాలంటే పట్టి చూస్తానన్నాను, వద్దన్నాడు. వారం తిరక్కుండా కొత్త తాళ్ళు, కొత్త పలకలు, నడుముకు కట్టుకునే బెల్టులు వచ్చాయి. అవి వచ్చేదాకా ఎవరినీ ఎక్కించలేదు, ఎవరినీ ఊరికి పంపలేదు. మేస్త్రీ మాత్రం ఆ వారమంతా నేను కనపడితే రెండు చేతులూ దూరం నుంచే జోడించేవాడు.

ఆఫీసువాళ్ళు కూడా నా కాగితం శ్రద్ధగా చదివారు. తన వైద్యం పనిచేయదని స్వయంగా రాసిచ్చిన మనిషితో ఒప్పందం కొనసాగించడం భావ్యం కాదని చాలా మర్యాదగా తెలియజేశారు. వాళ్ళు చెప్పినదాంట్లో తప్పేముంది. మేడమ్ నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. ఫైల్లోంచి ఆ గళ్ళ కాగితం తీసి నా ముందు పెట్టి, "ఇప్పుడు నిజం రాయి దీని మీద" అన్నారు. ఎర్ర పెన్నుతో రాశాను. ఈ అంకెలు రోగివి కావు, వైద్యుడి ముఖం చూసి చెప్పినవి. మేడమ్ చదివి, "ఈ ఫైలు పారేయొద్దప్పా, కొత్తవాళ్ళకు చూపించాలి" అని బీరువాలో పెట్టారు.

చేతి వైద్యం దండగ అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు, మీలో ఎవరైనా అప్పుడే వేళ్ళు ముడుచుకుంటున్నారేమో. ఆ తర్వాత కూడా రిటైరయ్యేదాకా చేశాను. హడలిపోయి వచ్చిన మనిషికి కాసేపు ఊపిరి సలిపేలా చేయడం చిన్న పనేమీ కాదు. కానీ బల్ల దిగి ఆ మనిషి ఎక్కడికి పోతాడో అడిగిన తర్వాతే తల కింద చేతులు పెట్టేవాణ్ణి. అంకె అడిగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. నా రోగుల గీతలు ఆ తర్వాత ఎప్పుడూ అంత అందంగా రాలేదు.

ఆఫీసునుంచి నా మడత బల్ల తెచ్చుకోవడానికి ఆఖరిసారి హూడి పోయిన రోజు, ఆటోవాణ్ణి ఆపి సైటు దగ్గర దిగాను. అతను పైనున్నాడు. నిచ్చెన దగ్గర్నుంచి మొదలుపెట్టి, కొత్త తాళ్ళయినా సరే, ముడి ముడీ పట్టి లాగి చూస్తున్నాడు. పలక మీద కాలు పెట్టే ముందు మడమతో తట్టి చూస్తున్నాడు. ఒక అడుగు వేసి ఆగి, ప్యాంటుకు అరచేతులు తుడుచుకుంటున్నాడు. "ఏందన్నా, తాళ్ళకు పెండ్లిచూపులా?" అని తోటివాళ్ళు నవ్వుతున్నారు. మేస్త్రీ కిందినుంచి కేకలేస్తున్నాడు. అతను ఎవరికోసమూ తొందరపడటం లేదు.

భార్య ఇసుక తట్ట దించి నా దగ్గరికి వచ్చింది. పాత అలవాటు ఊరుకోనివ్వదు కదా, "మీ ఆయన మెడ ఇంకా పట్టేస్తోందా అమ్మా? కావాలంటే నాలుగు ఆదివారాలు వచ్చి..." అంటూ చేతులు ముందుకు చాపాను.

"వద్దు సార్," అంది. ఆమె చూపు పైనే ఉంది. "భయం ఉండాది కాబట్టే తాడు తాడూ లాగి చూసి ఎక్కుతాండాడు. సాయంకాలానికి దిగొస్తాండాడు. మీకు దండం పెడతా, దాన్ని మాత్రం ముట్టుకోవద్దండి."

నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.